క్రిస్మస్‌కి ఇంటి చుట్టూ దొరికే పచ్చదనంతో అలంకరణ: ఏది ఎప్పుడు, ఎలా చేయాలి

క్రిస్మస్ దగ్గర పడగానే చాలామంది బజారుకి వెళ్లి ప్లాస్టిక్ చెట్టు, మెరుపు తీగలు, థర్మకోల్ ముక్కలు కొనుక్కొస్తారు. మన డిసెంబరుని చూస్తే నాకు ఆ అవసరం ఎక్కడా కనిపించదు. బంతి, చేమంతి విరగబూసే కాలం ఇది. డెల్టా ఊళ్లలో వరి కోతలై కొత్త గడ్డి వాముకి చేరుతుంది. బత్తాయిలు, కమలాలు తోపుడు బండ్ల మీద కుప్పలుగా ఉంటాయి. నెల్లూరు నుంచి శ్రీకాకుళం దాకా సముద్రం ఒడ్డున సరుగుడు తోటలు ఉండనే ఉన్నాయి. ఇల్లంతా పండగలా ఉండటానికి ఇంతకన్నా ఏం కావాలి?

చిక్కల్లా ఒక్కటే. పచ్చివాటికి ఆయుష్షు తక్కువ. ఉత్సాహంగా డిసెంబరు మొదట్లోనే అన్నీ కట్టేస్తే పండగనాటికి ఎండి రాలిపోతాయి. అన్నీ 24న పెట్టుకుంటే ఆ రోజంతా టెన్షనే, వంటా సాగదు, అలంకరణా సాగదు. అందుకే పనిని ఇలా పంచుకోండి: ఎండబెట్టేవి, ఆరబెట్టేవి ముందు, మొలకలు పది రోజుల ముందు, కొమ్మలు రెండు మూడు రోజుల ముందు, పువ్వులు 24న. ఈ వరుస తప్పకపోతే మిగతాదంతా చేతిపనే.

రావి ఆకుల జల్లెడ (నవంబరు రెండో వారంలో)

అన్నిటికన్నా ముందు మొదలుపెట్టాల్సింది ఇదే, ఎందుకంటే ఇందులో సగం పని నీళ్లే చేస్తాయి. పురుగు కొట్టని, బాగా ముదిరిన రావి ఆకులు ఒక ఇరవై కోసుకురండి. లేత ఆకులు పనికిరావు, ఈనెలతో సహా కుళ్లిపోతాయి. పాత బకెట్లో నీళ్లు పోసి ఆకులు ముంచి, పైన చిన్న రాయి పెట్టండి. వాసన వస్తుంది కాబట్టి బకెట్ పెరట్లోనో బాల్కనీలోనో ఉంచండి. మూడు నాలుగు రోజులకోసారి నీళ్లు మార్చండి.

రెండు మూడు వారాలకి ఆకు చేతికి జిగురుగా తగులుతుంది. అప్పుడు ఒక పళ్లెంలో పరిచి, పాత టూత్‌బ్రష్‌తో మెల్లగా తట్టండి. రుద్దకూడదు, తట్టాలి. నడుమ ఈనె దగ్గర మొదలుపెట్టి అంచువైపు వెళ్లండి. గుజ్జు ఊడుతుంటే ముందు లావు ఈనెలు బయటపడతాయి, తర్వాత వాటి మధ్య సన్నటి ఈనెలు, చివరికి దోమతెర కన్నా సన్నటి అల్లిక కనిపిస్తుంది. తోక మాత్రం తెగకుండా చూసుకోండి, ఈ ఆకుకి అందమంతా ఆ తోకలోనే ఉంది. శుభ్రమైన నీళ్లలో ముంచి తీసి, రెండు న్యూస్‌పేపర్ల మధ్య పెట్టి, పైన బరువైన పుస్తకం పెడితే రెండు రోజుల్లో ఆరిపోతుంది.

మరీ ఆలస్యమైందనుకుంటే లీటరు నీళ్లలో రెండు మూడు చెంచాల వాషింగ్ సోడా వేసి, సన్నటి మంట మీద గంట, గంటన్నర ఉడికించవచ్చు. స్టీలు గిన్నె వాడండి, అల్యూమినియం గిన్నెని సోడా తినేస్తుంది. ఆ గిన్నెని మళ్లీ వంటకి వాడొద్దు. ఈ పని పెద్దవాళ్లే, చేతికి గ్లౌజులు వేసుకుని చేయాలి.

ఇంటి ముందు స్టార్ (డిసెంబరు మొదటి వారం)

మన ఊళ్లలో క్రిస్మస్ వచ్చిందని ముందుగా చెప్పేది ఇంటి ముందు వెలిగే స్టారే. కొన్న స్టార్లు ఎన్ని ఉన్నా వెదురు బద్దలతో కట్టినదానికి ఉండే నిండుతనం వాటికి రాదు. పైగా చట్రం ఒకసారి గట్టిగా కడితే ఏళ్ల తరబడి ఉంటుంది, ఏటా కాగితం మార్చుకుంటే చాలు.

బుట్టలు, తడికలు అల్లేవాళ్ల దగ్గర రెండడుగుల పొడవున్న సన్నటి వెదురు బద్దలు పది తీసుకోండి. చీలికలు, ముళ్లు లేకుండా గరుకు కాగితంతో రుద్దండి. వీటితో పాటు అయిదేసి అంగుళాల ముక్కలు అయిదు కావాలి.

1. అయిదు బద్దలని నేల మీద నక్షత్రంలా పేర్చండి. పిల్లలు కాగితం మీద చెయ్యి ఎత్తకుండా గీస్తారే, అదే వరుస. అయిదు కొసలనీ పురికొసతో బిగించి కట్టండి. లోపల బద్దలు ఒకదాన్నొకటి దాటే చోట్లు కూడా అయిదు ఉంటాయి, అక్కడా ఒక ముడి వేయండి.

2. మిగతా అయిదుతో రెండో నక్షత్రం కట్టండి. రెండూ ఒకే కొలత ఉన్నాయా అని ఒకదాని మీద ఒకటి పెట్టి చూసుకోండి. తేడా ఉంటే ఇప్పుడే సరిచేయాలి, తర్వాత కుదరదు.

3. రెండిటినీ ఒకదాని మీద ఒకటి ఉంచి, అయిదు కొసల దగ్గరా కలిపి కట్టండి.

4. లోపలి ముడుల దగ్గర రెండు నక్షత్రాల మధ్యా అయిదంగుళాల ముక్కలని నిలబెట్టి కట్టండి. స్టార్ నడుమ ఉబ్బి నిలబడేది వీటివల్లే. బద్ద ఎక్కువ వంగుతూ విరిగేలా అనిపిస్తే ముక్కని కొంచెం కుదించండి.

5. జిగురు ఇంట్లోనే చేసుకోండి. రెండు చెంచాల మైదాని కప్పు నీళ్లలో ఉండలు లేకుండా కలిపి, సన్నటి మంట మీద తిప్పుతూ ఉంటే పారదర్శకంగా చిక్కబడుతుంది. పూర్వం ఇందులో పురుగు పట్టకుండా మైలుతుత్తం వేసేవాళ్లు. అది విషం కాబట్టి పిల్లలు చేయి పెట్టే జిగురులో వద్దు. ఎప్పటికప్పుడు కొంచెమే చేసుకుంటే సరిపోతుంది.

6. చట్రాన్ని కాగితం మీద పెట్టి గీసి, అర అంగుళం ఎక్కువగా కత్తిరించి, అంచులు మడిచి అతికించండి. ముందువైపు, వెనకవైపు అయ్యాక పక్కన సన్నటి త్రికోణాలు పది మిగులుతాయి. అవే కాస్త విసిగిస్తాయి, కానీ అవి నీటుగా ఉంటేనే స్టార్ నీటుగా ఉంటుంది. వెనకవైపు నడుమ భాగం మాత్రం వదిలేయండి, బల్బు పెట్టేది అక్కడినుంచే.

కాగితం రంగు విషయంలో నా మాట వినండి: తెలుపు గానీ లేత పసుపు గానీ తీసుకోండి. ఎందుకంటే అతికించే ముందు ఆ కాగితం లోపలివైపు మీరు చేసిన రావి ఆకుల జల్లెడలని, పుస్తకంలో నొక్కి ఆరబెట్టిన ఫెర్న్ ఆకులని నాలుగు చుక్కల జిగురుతో అంటించాలి. పగలు ఏమీ తెలియదు. సాయంత్రం లైటు వేయగానే ఒక్కో ఈనె నీడా కాగితం మీద తేలుతుంది. ఎర్ర కాగితంలో ఈ అందం మునిగిపోతుంది.

లోపల అయిదు వాట్లు దాటని ఎల్‌ఈడీ బల్బే పెట్టండి. పాతకాలం బల్బు వేడికి కాగితం అంటుకునే ప్రమాదం ఉంది. డిసెంబరు మంచుకి కాగితం తడిసి జారిపోతుంది కాబట్టి స్టార్‌ని వరండాలోనో సన్‌షేడ్ కిందో కట్టండి. వీధిలో బారుగా కట్టాలనుంటే కనీసం రాత్రి పడుకునే ముందు లోపలికి తీసే వీలు చూసుకోండి.

బత్తాయి బిళ్లలు, సరుగుడు కాయలు, తాటాకు బొమ్మలు

చెట్టుకి వేలాడదీసేవన్నీ డిసెంబరు రెండో వారంలో తీరిగ్గా చేసుకోవచ్చు. పిల్లలకి సెలవులు వచ్చేదాకా ఆగితే ఎండబెట్టడానికి టైమ్ చాలదు.

ఎండు బిళ్లలకి చాలామంది కమలాలు వాడతారు గానీ కమలా తొక్క వదులుగా ఉంటుంది, కోయగానే తొనలు విడిపోతాయి. బత్తాయి తొక్క కండని గట్టిగా పట్టుకుని ఉంటుంది కాబట్టి చక్రంలా నిలబడుతుంది. నల్గొండ, అనంతపురం వైపువాళ్లకి ఇది ఇంటి పండే. అడ్డంగా, చిటికెన వేలు మందంలో సగానికి కోయండి. పొడి గుడ్డ మీద పెట్టి రసం అద్దేయండి. జల్లెడ లాంటి ట్రేలో పరిచి, పైన పల్చటి గుడ్డ కట్టి మంచి ఎండలో నాలుగైదు రోజులు ఉంచండి, రోజూ తిరగేయండి, సాయంత్రం మంచు పడకముందే లోపలికి తెచ్చేయండి. కోస్తాలో గాలి చెమ్మకి బూజు పట్టవచ్చు. అక్కడివాళ్లు ఓవెన్ ఉంటే 100 డిగ్రీల్లో రెండున్నర, మూడు గంటలు పెట్టడం మేలు. సగం ఎండినప్పుడే అంచు దగ్గర సూదితో బెజ్జం చేసి పురికొస ఎక్కించండి. పూర్తిగా ఎండాక చేస్తే చిట్లుతుంది. ఒక బిళ్ల, దాని కింద దాల్చినచెక్క ముక్క, దాని కింద అనాసపువ్వు: ఈ వరుసలో గుచ్చితే చూడటానికీ బాగుంటుంది, గదంతా కమ్మటి వాసన వస్తుంది. బిళ్ల పెళుసుగా ఎండకపోతే మాత్రం చీమలు పడతాయి.

సరుగుడు కాయలు చెట్ల కింద ఎన్నయినా దొరుకుతాయి. ఏరి తెచ్చి రెండు రోజులు ఎండలో పోస్తే ఒక్కో గది నోరు తెరుచుకుని రెక్కలున్న చిన్న గింజలు రాలుతాయి. గింజలు దులిపేసి, సన్నటి తీగ చుట్టి కొక్కెంలా వంచితే అయిపోయింది. బంగారు రంగు వేయొచ్చు, నాకైతే ఆ గోధుమ రంగే బాగుంటుంది.

తాటాకు సంగతి మన చేతులకి చెప్పక్కర్లేదు. మట్టల ఆదివారానికి ఆకుతో సిలువలు మడిచే చేతులే అవి. లేత తాటాకుని అర అంగుళం వెడల్పు బద్దలుగా చీల్చి, పది నిమిషాలు నీళ్లలో నాననివ్వండి. పొడిగా మడిస్తే విరుగుతుంది. అయిదు బద్దలు తీసుకోండి: ఒకటి నాలుగంగుళాలు, రెండు ఆరు, రెండు ఎనిమిది. చిన్నది నడుమ, దానికి చెరో పక్కా ఆరంగుళాలవి, బయట ఎనిమిదంగుళాలవి పెట్టి కింద కొసలు కలిపి దారంతో కట్టండి. పైకొసలు అన్నిటినీ ఒకే ఎత్తుకి లాగి కట్టేస్తే పొడవు బద్దలు బయటికి వంగి నీటిచుక్క ఆకారం వస్తుంది. ఆరాక ఆ వంపు అలాగే నిలిచిపోతుంది. పసుపు నీళ్లలో నానబెడితే పసుపు రంగు కూడా పడుతుంది.

గోధుమ మొలకల పచ్చిక (14 లేదా 15వ తేదీ)

ఫ్రాన్స్‌లోని ప్రోవాన్స్ ప్రాంతంలో డిసెంబరు 4న, సెయింట్ బార్బరా పండగ రోజున, చిన్న పళ్లేల్లో గోధుమలు మొలకెత్తించి క్రిస్మస్ బల్ల మీద పెడతారు. మన పెళ్లిళ్లలో పాలికల్లో నవధాన్యాలు చల్లే పద్ధతి ఎరిగినవాళ్లకి ఇది కొత్తేమీ కాదు. ఇంట్లో వాడిపోని పచ్చదనం కావాలంటే దీన్ని మించింది లేదు, ఎందుకంటే ఇది కోసింది కాదు, పెరుగుతున్నది.

గుప్పెడు గోధుమలు రాత్రంతా నానబెట్టి, మర్నాడు తడిగుడ్డలో మూటకట్టండి. తెల్లటి మొలక కనిపించగానే మట్టి ప్రమిదల్లోనో పళ్లెంలోనో అంగుళం మందాన కొబ్బరి పొట్టు గానీ మట్టి గానీ పరిచి, గింజలు ఒకదానికొకటి తగిలేలా దట్టంగా చల్లండి. రెండు రోజులు తడిగుడ్డ కప్పి, తర్వాత వెలుతురులో పెట్టి రోజుకి రెండుసార్లు నీళ్లు చిలకరించండి. పండగనాటికి జానెడుకి దగ్గరగా పెరుగుతుంది. ఆదిలాబాద్ లాంటి చలి ఎక్కువుండే చోట్ల రెండు మూడు రోజులు ముందే చల్లుకోండి. నీళ్లు నిలిస్తే బూజు, వాసన వస్తాయి, చిలకరింపే చాలు. ఇంకా ఆలస్యమైతే ఆవాలు చల్లండి, వారం లోపే పచ్చబడతాయి.

సరుగుడు చెట్టు (21 నుంచి 23)

ఒక సరుగుడు పుల్లని దగ్గరగా పట్టుకుని చూడండి. మనం ఆకు అనుకునేది ఆకు కాదు, సన్నటి పచ్చని కొమ్మ. దాని పొడవునా కణుపులు ఉంటాయి, లాగితే కణుపు దగ్గర టక్కున ఊడుతుంది. ఆ కణుపు చుట్టూ కనీకనిపించని పళ్లలా ఉన్నవే అసలు ఆకులు. కొమ్మ నీళ్లు తాగినంతసేపూ కణుపులు గట్టిగా ఉంటాయి, ఎండితే అక్కడే విడిపోయి ఇల్లంతా రాలుతుంది. కాబట్టి ఈ చెట్టు విషయంలో మీరు పట్టించుకోవాల్సింది నీళ్లనే.

తోటల్లో సరుగుడుని కాగితం గుజ్జుకి, గుంజలకి నరుకుతారు. కొసకొమ్మలు పొయ్యిలోకే పోతాయి. రైతుని అడిగి నాలుగైదు అడుగుల కొస ఒకటి తెచ్చుకోండి. రోడ్డు పక్క, బీచ్ పక్క చెట్లని మాత్రం నరకొద్దు. అవి గాలిని, ఇసుకని ఆపడానికి వేసినవి.

తెల్లవారుజామున గానీ ఎండ తగ్గాక గానీ కోయించి, ఇంటికి రాగానే మొదలుని మళ్లీ రెండంగుళాలు కోసి, నిండు బకెట్ నీళ్లలో నీడన రాత్రంతా ఉంచండి. మర్నాడు ఇంకో బకెట్ అడుగున ఇటుక ముక్కలు వేసి, కొమ్మని నిలబెట్టి, చుట్టూ ఇసుక పోసి దట్టించండి. ఇసుక మునిగేలా నీళ్లు పోయండి. రోజూ పొద్దున తడి చూసి పోస్తూ ఉండండి. బకెట్ చుట్టూ గోనెసంచి చుట్టి పురికొసతో కడితే ప్లాస్టిక్ కనబడదు. ఫ్యాన్ కింద, ఎండ పడే కిటికీ దగ్గర పెట్టొద్దు.

ఒంటి కొమ్మ పల్చగా అనిపిస్తే చిన్న కొమ్మలని గుత్తులుగా కట్టి నిండు చెట్టు చేయొచ్చు. నాలుగడుగుల కర్ర ఒకటి బకెట్లో పాతండి. పైనుంచి మొదలుపెట్టాలి. కొసలు పైకి ఉండేలా మొదటి గుత్తి కట్టండి, దాని ముడిని కప్పేలా కింద రెండో వరుస, ఇలా కిందికి వచ్చేకొద్దీ పొడుగు గుత్తులు, కొంచెం బయటికి వాలేలా కడుతూ పోండి. ఇందులో కొమ్మలకి నీళ్లు అందవు, రోజూ రెండుసార్లు స్ప్రే చేసినా మూడు నాలుగు రోజులే తాజాగా ఉంటుంది. అందుకని దీన్ని 23 సాయంత్రం కట్టుకోండి.

సరుగుడు కొమ్మ బరువు మోయదు. పైన చెప్పిన బిళ్లలు, కాయలు, తాటాకు చుక్కలు తేలిక కాబట్టి సరిపోతాయి. గాజు గోళాలు తగిలిస్తే కొమ్మ వంగి మొహం వేలాడేస్తుంది. వెలుగుకి ఎల్‌ఈడీ సీరియల్ లైట్లు మాత్రమే. ఎండిన సరుగుడు ఎంత తొందరగా అంటుకుంటుందో పొయ్యిలో పెట్టినవాళ్లకి తెలుసు, దాని దగ్గర కొవ్వొత్తి పెట్టొద్దు.

హైదరాబాద్, వరంగల్‌లో సరుగుడు దొరక్కపోతే నర్సరీలో అరకేరియా గానీ తూజా గానీ కుండీతో సహా తెచ్చుకోండి. బాల్కనీలో పెంచి, పండగ నాలుగు రోజులు లోపల పెట్టి, మళ్లీ బయట పెట్టేస్తే ఏటా అదే చెట్టు. అదీ వద్దంటే రాలిన జామకొమ్మ ఒకటి తెచ్చి తెల్ల ప్రైమర్ వేయండి. జామ చీలినంత అందంగా ఇంకే కొమ్మా చీలదు, ఆకులు లేకపోయినా నిండుగా ఉంటుంది.

గుమ్మానికి రీత్, లోపల పశువుల పాక (24)

రీత్ అంటే గుమ్మానికి వేలాడదీసే ఆకుల చక్రం. దానికి చట్రంగా తిప్పతీగ వాడండి. మూడు నాలుగు చుట్లు గుండ్రంగా చుట్టి అక్కడక్కడా కట్టండి. తిప్పతీగ కోసినా అంత తొందరగా చావదు, వేలాడుతూనే కొత్త చిగురు వేస్తుంది. దాని మీద మామిడాకులు, క్రోటన్ ఆకులు, సరుగుడు రెబ్బలు చిన్న కట్టలుగా, ఒక కట్ట ముడిని ఇంకో కట్ట కప్పేలా ఒకే దిశలో కడుతూ రండి. విదేశాల్లో హోలీ అనే పొదకి కాసే ఎర్రటి చిన్న పళ్లు పెడతారు. మనకి గుండు మిరపకాయలు ఉన్నాయి. అయిదేసి ఎండుకాయలని తొడిమల దగ్గర తీగతో కట్టి ఆకుల మధ్య దూర్చండి, ఆ ఎరుపు పండగంతా చెక్కుచెదరదు. కట్టాక చేతులు సబ్బుతో కడుక్కోండి, రీత్ చిన్నపిల్లల చేతికి అందనంత ఎత్తులో కట్టండి. బంతిపూలు చివరగా, 24 సాయంత్రమే. పాత గాజులకి పురికొస చుట్టి రెండు రెబ్బలు కడితే కిటికీలకి బుల్లి రీత్‌లు వచ్చేస్తాయి.

పశువుల పాక అనే అలంకరణని 1223లో ఇటలీలోని గ్రెచ్చో అనే ఊళ్లో అసిస్సీ ఫ్రాన్సిస్ అనే క్రైస్తవ సన్యాసి చేసినప్పుడు అక్కడ ఉన్నవి నిజమైన గడ్డి, నిజమైన ఎద్దు, గాడిద. కాబట్టి థర్మకోల్ పాక మానేయండి. నాలుగు వెదురు ముక్కలు నిలబెట్టి, కొత్త వరిగడ్డి గుప్పెళ్లుగా పైకప్పు వేయండి, ముందు గోధుమ పచ్చిక పళ్లేలు పెట్టండి. బొమ్మలకి చెరువు మట్టి చాలు. ఇంట్లో కొండపల్లి ఎద్దులబండి, ఏటికొప్పాక బొమ్మలు ఉంటే అవి ఆ పాకలోకి చక్కగా ఒదుగుతాయి. గోదావరి జిల్లాల్లో పిచ్చుకల కోసం కట్టే వరికంకుల కుచ్చు ఒకటి పాక పక్కన వేలాడదీయండి.

ఇంట్లోకి తేకూడనివి

చూడముచ్చటగా ఉన్నవన్నీ పనికిరావు. గురివింద గింజలు, ఆముదం గింజలు నమిలితే విషం. ఉమ్మెత్త కాయలు, గన్నేరు కొమ్మలు కూడా అంతే. పిల్లలు ఏరుకొస్తే నెమ్మదిగా చెప్పి పారేయించండి. రోడ్డు పక్క తెల్లటి సన్నపూలతో కనిపించే వయ్యారిభామని గుత్తుల మధ్య నింపడానికి కొందరు తెస్తారు, చర్మానికి దురద, కొందరికి ఆయాసం తెస్తుంది అది. నర్సరీల్లో ఎర్రటి ఆకులతో అమ్మే పాయిన్‌సెట్టియా కుండీలో ఉంచుకోవచ్చు, దాని పాలు చర్మానికి, కళ్లకి తగలకుండా చూసుకుంటే చాలు.

పండగ అయ్యాక

కొత్త సంవత్సరం దాకా ఉంచాలనుకుంటే సరుగుడు రాలుతోందేమో రోజూ చూసుకోండి, రాలడం మొదలైతే ఆ రోజే తీసేయండి. పువ్వులు, ఆకులు, రంగు వేయని తాటాకు ఎరువు గుంతలోకి. గడ్డి, గోధుమ పచ్చిక ఆవుకి. వరికంకులు గుమ్మం బయట కడితే పిచ్చుకలు చూసుకుంటాయి. తీగలు, దారాలు విప్పి డబ్బాలో వేసుకోండి, సరుగుడు కాయలు కూడా అందులోనే. స్టార్ కాగితం చించేసి, జిగురు పట్టిన చోట తడిగుడ్డతో తుడిచి, చట్రాన్ని రెండు రోజులు ఎండలో పెట్టండి. వదులైన ముడులు అప్పుడే బిగించి, వేపాకు వేసిన గోనెసంచిలో చుట్టి అటక మీద పెట్టండి. పైన బరువు మాత్రం పెట్టొద్దు, అయిదంగుళాల ముక్కలు ముందుగా విరిగేది ఆ బరువుకే.